ఆరు కిలోల యాత్ర

మా ఆయన రామాంజి నెలంతా మగ్గం గుంటలో కాళ్లాడించేది చాలదన్నట్టు, సెలవు దొరికితే సైకిలెక్కి కాళ్లాడిస్తాడు. ఈసారి ఎమ్మిగనూరు నుంచి జమ్మలమడుగు దాకా యాత్ర. అక్కడ వాళ్లక్క సోమక్క ఉంది. మూడేళ్లుగా ఈయనతో మాట్లాడదు. ఆమె కూతురు శివాని పెళ్లిలో మేనమామ చీర పెట్టాల్సిన రోజున ఈయన ఏదో సైకిలు యాత్రలో ఉన్నాడు మరి. ఇప్పుడు పోయి తప్పు ఒప్పుకుంటానని తనే అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పది రోజులు కూర్చుని శివానికి నూలు చీర నేశాను.

బయల్దేరే ముందు రోజు తూకాలు మొదలయ్యాయి. సామాను ఆరు కిలోలు దాటకూడదని ఫోనులో ఎవరో మహానుభావుడు సెలవిచ్చాడట. పళ్లు తోముకునే బ్రష్షు పిడి సగానికి కోశాడు. తువ్వాలు నాలుగు ముక్కలు చేసి ఒకటే తీసుకున్నాడు. కాటా మీద పెట్టనిదల్లా తన పొట్టనే. ఆఖరున చీర వంతు వచ్చింది.

"ఆరు వందల గ్రాములుండాది హేమావతీ. వద్దులే."

"అదొక్కటే కదయ్యా ఆయమ్మకు తీస్కపోవాల్సింది! ఆ గాలి పంపు తీసెయ్."

"పంపు లేకుంటే యాడన్నా నిల్చిపోతా. చీర లేకుంటే సైకిలు ఆగుతాదా ఏమి? తర్వాత కొరియర్లో పంపిద్దాం."

ఇంత తెలివి ముందు నేనెంత!

నాలుగో రోజు సాయంత్రం తిరిగొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"అక్క ఏమనె?" అన్నాను గుండె చిక్కబట్టుకుని.

"అన్నం పెట్టె. సంచి ఇప్పి అన్నీ సూపిస్తి. ఒక్కొక్కటే ఎత్తి సూసి, 'శానా బాగా సర్దుకున్యావప్పా, అన్నీ నీకు పనికొచ్చేవే' అనె."

"శివాని?"

"ఇంట్లోనే ఉండాది, బయటికి రాలే. ఇంగోటి ఇను. పొయ్యేటప్పుడు దోవలో పత్తికొండలో నరసన్న మామ వద్దంటే ఇనకుండా టమేటాలు కట్టె. అవి హోటల్లో ఇచ్చేస్తి. అక్క మాత్రం వచ్చేటప్పుడు సంచిలో ఒక్క గింజ పెట్టలే. నా బరువు సంగతి అర్థం చేసుకున్యది మా అక్కొక్కతే!"

దోవన పోయే మనిషిని పిలిచి కొంగులో శనక్కాయలు పోసి పంపే మనిషి సోమక్క. సొంత తమ్ముణ్ణి ఒట్టి చేతులతో పంపింది. నాకు ఏడుపొచ్చింది. ఇక ఆ ఇంటి గడప మాకు లేనట్టే.