మొరిత గారి మాటకి తొంభై శాతం

జపాన్ వాళ్ళు ముఖం మీద కాదనరు. మనవాళ్ళూ తక్కువేం కాదు, "చూద్దాంలెండి" అని తప్పుకుంటారు. ఆ మర్యాదలో అవును ఎంతో, కాదు ఎంతో కనిపెట్టి చెప్పడమే నమ్రత ఉద్యోగం. హైదరాబాద్‌లో మూడేళ్ళు జపనీస్ నేర్చుకుని వచ్చి, అమెరికాలోని పార్సిప్పనీ ఆఫీసులో జపాన్ క్లయింటుకీ తమ టీమ్‌కీ మధ్య మాట మోస్తోంది.

మేనేజర్ వీరభద్రరావుకి మాటలతో పనిలేదు, అంకెలు కావాలి. అందుకని నమ్రత ఒక పట్టిక తయారుచేసింది. క్లయింటు "కమోషిరెనై" అంటే ఏమో, యాభై శాతం. "తబున్" అంటే బహుశా, డెబ్బై. "హజు" అంటే లెక్క ప్రకారం అయి తీరాలి, తొంభై. చాలా తెలివైన ఏర్పాటని అందరూ మెచ్చుకున్నారు. ప్రతి శుక్రవారం స్టేటస్ షీట్‌లోకి ఆ అంకెలు ఎక్కేవి. ఎనభై దాటితే గడి పచ్చగా, దాటకపోతే ఎర్రగా కనిపించేది. కొన్నాళ్ళకి క్లయింటు ఏమన్నాడని అడిగేవాళ్ళే లేకుండా పోయారు.

ఫిబ్రవరిలో క్లయింటు తరఫు మొరిత గారిని కాంట్రాక్టు పొడిగిస్తారా అని అడిగారు. ఆయన పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చి, కాసేపు బల్లవైపు చూసి, "కమోషిరెనై" అన్నాడు. ఆ గాలి పీల్చిన తీరుకే నమ్రతకి విషయం అర్థమైంది. యాభై కూడా ఎక్కువే.

"ఎర్ర గడి పెడితే టీమంతా రెజ్యూమెలు పట్టుకు తిరుగుతారమ్మా. కాస్త చూసి వెయ్యి," అన్నాడు వీరభద్రరావు.

నమ్రత చూసి తొంభై వేసింది. అబద్ధం ఆడినట్టు కూడా అనిపించలేదు ఆ మహాతల్లికి.

ఆ సాయంత్రం పార్కింగ్‌లో భాస్కర్ ఆమెని ఆపాడు. టీమ్‌లో అందరికంటే పెద్దవాడు, ఎనిమిదేళ్ళుగా వీసా మీదే నెట్టుకొస్తున్నాడు.

"టెక్సస్ నుంచి ఆఫర్ వచ్చింది నమ్రతా. మండేలోపు చెప్పాలి. ఇక్కడ నిజంగా నైంటీ ఉందా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. కానీ పొద్దున వేసిన అంకెని సాయంత్రానికి కాదనడానికి ఆమెకి మొహం చెల్లలేదు. "ఉంది, అన్నా," అంది. అతను ఆ ఆఫర్ వదులుకున్నాడు.

ఏప్రిల్ మొదటివారంలో కాంట్రాక్టు ఆగిపోయింది. నమ్రతని మరో ప్రాజెక్టులోకి తీసుకున్నారు, భాస్కర్‌ని తీసేశారు. వీసా మీద ఉన్నవాడికి ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి అరవై రోజులే గడువు, దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి. యాభై నాలుగో రోజున నమ్రత ఉండబట్టలేక అతని అపార్ట్‌మెంట్‌కి వెళ్ళింది.

హాలంతా అట్టపెట్టెలు. భాస్కర్ ఒకదానికి టేపు వేస్తున్నాడు. అతని భార్య ఉమ వంటింట్లో ఉంది. నమ్రత గొంతు తగ్గించి, దాచుకున్నదంతా చెప్పేసింది.

"మొరిత గారు ఫిఫ్టీ అన్నట్టే, అన్నా. నేనే నైంటీగా మార్చాను."

భాస్కర్ టేపు చివర ఎక్కడుందో గోటితో వెతుక్కున్నాడు. తిడితే బాగుండునని నమ్రత ఎదురుచూసింది. తిట్టలేదు.

"టెక్సస్ సంగతి ఉమకి తెలీదు. చెప్పకు," అన్నాడు చివరికి. "ఇప్పుడు తెలిసి ఏం చేస్తుంది."

అంతలో ఉమ టీ తెచ్చి, ఆశగా ఎదురుగా కూర్చుంది.

"నువ్వు జపాన్ వాళ్ళతో మాట్లాడతావు కదా నమ్రతా. ప్రాజెక్ట్ మళ్ళీ స్టార్ట్ అయ్యే ఛాన్స్ ఏమన్నా ఉందా? పాప స్కూల్లో ఇంకా చెప్పలేదు నేను."

భాస్కర్ నమ్రతవైపు చూశాడు. ఏదో ఒక మంచిమాట చెప్పమన్నట్టే ఉంది ఆ చూపు. నమ్రతకి ఏడుపొచ్చింది.

"లేదు వదినా. అస్సలు లేదు."

ఉమ తల ఊపింది. మొహంలో కోపం లేదు.

"ఈ మాట చలికాలంలోనే ఎవరైనా చెప్పుంటే, ఈయన ఇంకోచోట చూసుకునేవారు," అంది.

ఇద్దరూ తలెత్తలేదు. ఉమ కారు తాళాలు తీసుకుని, పాప పేరు తీసేయించడానికి స్కూల్‌కి బయల్దేరింది.