డేక్సా మూతలకు కట్టిన దారం

ఆదివారం పొద్దున నేను బియ్యం ఏరుతుంటే, మా అఫ్రీన్ ఫోను తెచ్చి వాళ్ల నాయన ముందు పెట్టింది.

"నాయనా, ఇది నువ్వే కదా!"

ఫోనులోంచి ధన్ ధన్ ధన్ అని దూది ఏకే విల్లు మోగింది. నా చేతిలో చాట జారింది. మా ఇంట్లో దూది ఏకేది ఇప్పుడు మిషను. విల్లు అటకెక్కి ఎన్నో ఏళ్లయింది. అయినా ఆ చప్పుడు ఎక్కడిదో నాకు తెలిసిపోయింది.

మా ఆయన మాబు సాహెబ్ నంద్యాలలో పరుపులు కుడతాడు. ఇరవై ఏళ్ల కింద ఆళ్లగడ్డలో వెంకటేష్ అనే లెక్కల సారు, పెళ్లిళ్లకు వాడే వీడియో కెమెరాతో ఒక సినిమా తీశాడు. పేరు 'చందమామ మీద ఓబులేసు'. శిల్పులు చెక్కి పారబోసిన రాతిపొడి దిబ్బలే చందమామ. మేము ఏకి ఇచ్చిన దూదే మబ్బులు. రెండు బిర్యానీ డేక్సాల మూతలు కలిపి బిగిస్తే ఓబులేసు ఎక్కే విమానం. దాని చప్పుడేమో మా ఆయన విల్లుది. ఒళ్లంతా దూది అంటించుకొని చందమామ మనిషి వేషం కట్టింది కూడా ఆయనే.

మొదటి ఆట రోజు ఆళ్లగడ్డంతా వచ్చింది. విమానం దిగుతుంటే దాన్ని వేలాడదీసిన దారం తాడంత లావున కనబడింది. "దారం రోయ్, దారం!" అని జనం విరగబడి నవ్వారు. ఇంకో ఆట పడలేదు. సారు మళ్లీ కెమెరా పట్టలేదు. మా ఆయన పేరు 'దారం మాబు' అయింది. పరుపులు కుట్టడానికి నెలకు రెండుసార్లు ఆళ్లగడ్డ పోయే మనిషి, ఆ ఊరి ముఖం చూడడం మానేశాడు.

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ దారం నాది.

సినిమా తీసే రోజు నేనూ అక్కడే ఉన్నాను. సారు కట్టింది చేపల గాలానికి వాడే సన్నతీగ. కంటికి ఆనదు. దాని కింద మా ఆయన తల పైకెత్తి నిలబడాలి. అప్పుడు అఫ్రీన్ నా కడుపులో నాలుగో నెల. ఆ మూతలు గాలికి ఊగుతుంటే, తెగి ఆయన నెత్తిన పడతాయేమోనని భయమేసింది. అందరూ అన్నాలకు పోయినప్పుడు నిచ్చెనెక్కి, ఆ తీగ విప్పేసి, పరుపులు కుట్టే దారం నాలుగు పేటలు కలిపి కట్టాను. మూతలు పడలేదు. సినిమా పడిపోయింది.

"ఇయ్యాల మద్యాన్నం ఆళ్లగడ్డలో కల్యాణ మండపంలో ఆడిస్తాండారంట. నిన్ను పిల్చకరమ్మని సారు ఫోన్ చేసినాడు" అంది అఫ్రీన్.

"యాడికీ పోయేది లేదు. మళ్లా నవ్వేకే పిలుస్తాండారు" అన్నాను.

"ఊరికే నవ్వరు మా. ఎవురో ఫోన్లలోకి ఎక్కిచ్చినారు, శానామందికి ఇష్టం ఈ సినిమా అంటే."

"ఇష్టమైనోళ్లు ఇరవై ఏండ్లు యాడికి పోయినారు?"

మా ఆయన లేచి తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. "సారు పిలిచినాడు. పోదాం పా."

నేను బీపీ మాత్రలు, నీళ్లసీసా, ఆస్పత్రిలో అడుగుతారేమోనని ముగ్గురి ఆధార్ కార్డులు సంచిలో పెట్టుకున్నాను. బస్సు శిరివెళ్ల దాటే దాకా ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు నవ్వినట్టే నవ్వితే ఈ వయసులో తట్టుకుంటాడా? గుండె పట్టుకుంటే? ఆ దారం కట్టింది నేనేనని ఇప్పుడు ఎవరైనా బయటపెడితే?

మండపం గుమ్మం దగ్గర సుష్మ అనే కాలేజీ పిల్ల మా చేతుల్లో తలా ఒక దూది ఉండ పెట్టింది.

"ఇదేందీ? ఎవురికి దెబ్బ తగిలింది?" అన్నాను కంగారుగా.

ఆ పిల్ల నవ్వింది. "దెబ్బ కాదమ్మా. విమానం దిగినాక ఎగరేయల్ల."

లోపల వందమంది దాకా ఉన్నారు, అందరూ పడుచువాళ్లే. సినిమా మొదలైంది. ఓబులేసు నోరు తెరవకముందే అతని మాటలు వీళ్లు అప్పజెబుతున్నారు. విల్లు మోగగానే మండపమంతా నోటితో ధన్ ధన్ ధన్ అంది. నేను మా ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

విమానం వచ్చింది. తెర మీది ఎండలో నా దారం తళతళ మెరిసింది.

"దారం! దారం!" అందరూ లేచి నిలబడ్డారు.

"లెయ్యప్పా, పోదాం" అన్నాను. ఆయన కదల్లేదు.

అంతలో కేకలు ఆగిపోయాయి. మూతలు ఊగుతూ దూది మనిషి తల మీదికి దిగుతున్నాయి. మండపమంతా గొంతు తగ్గించి, దువా చేసినట్టు, "తెగొద్దు... తెగొద్దు..." అంటోంది. విమానం నేలకు ఆనింది. ఒక్కసారిగా ఈలలు, దూది వాన.

వెనక వరసలోంచి సుష్మ వంగి నా చెవిలో చెప్పింది. "ఇరవై మాట్లు చూసింటానమ్మా. చూసినప్పుడల్లా పడతాదేమోనని భయమే. పెద్ద సినిమాల్లో ఎన్ని విమానాలు పేలినా నాకేం కాదు. దీంట్లో దారం కనబడతాది, కింద మనిషి ఉండాడు కదా."

ఇంతకాలం ఆ భయం నాది ఒక్కదానిదే అనుకున్నాను. కళ్లు తుడుచుకున్నాను. ఇక ఆగలేకపోయాను.

"అఫ్రీన్ నాయనా, ఆ దారం నేనే మార్చినా."

ఆయన తెర మీంచి కళ్లు తిప్పలేదు. "తెలుసులే."

"ఎప్పుడు తెలిసె?"

"ఆ పొద్దే. ఎడమచేత్తో రెండు చుట్లు తిప్పి ముడేసేది నువ్వుగాక ఇంకెవురు? ఆ సన్నతీగ కింద నిలబడాలంటే నాకూ భయమయ్యె. అన్నం తినొచ్చి తలెత్తితే నీ ముడి కనబడె. ఇంగ నిమ్మళంగా నిలబడినా."

"మరి సారుకు చెప్పలేదేమప్పా?"

"చెప్తే మళ్లా సన్నతీగ కట్టడా?"

"దారం మాబు అనిరే అందరూ..."

"అనిరి. బాధయ్యింది. తల పగల్లేదు గదా."

గట్టిగా ఊపిరి తీసుకున్నాను. నోట్లోకి దూది పోయి దగ్గొచ్చింది.

ఆట అయ్యాక వెంకటేష్ సారు వచ్చి మా ఆయన్ను కావిలించుకొని మైకు ముందుకు తీసుకుపోయాడు. జుట్టంతా నెరిసింది సారుకు. ఏం మాట్లాడతాడోనని సంచిలో బీపీ మాత్రలు తడుముకున్నాను.

మా ఆయన కిందపడిన దూది ఒక ముద్ద తీసి వేళ్లతో నలిపి చూశాడు. "ఇది మందులషాపు దూదప్పా. ఇట్ల ముద్దముద్దగా పడితే మబ్బు ఎట్లయితాది? మళ్లా ఆటకు విల్లు దించి నేనే ఏకి తెస్తా." మండపం ఎగిరిపోయేంత ఈల. "ఆ దారం కట్టింది మా ఇంట్లో ఆమె. అడో, ఆడ కూసోనుంది."

అందరూ నా వైపు తిరిగారు. నేను కొంగు లాక్కున్నాను. సారు ఏమంటాడో!

"నువ్వా తల్లీ?" అన్నాడు సారు. "ఎవురు కట్టినారో తెలీక, సినిమా తీసేటప్పుడు నాకెట్ల కనబళ్లేదా అని ఇరవై ఏండ్లు నా కండ్లనే తిట్టుకుంటి కదమ్మా!" అని ఇంత నవ్వు నవ్వాడు. నేనూ నవ్వాను.

తిరుగు బస్సులో ఆయన చొక్కాకంటిన దూది ఏరుతున్నాను. ఆయన ముందు సీటు కమ్మీ మీద వేళ్లతో ధన్ ధన్ అని తాళం వేస్తున్నాడు. వచ్చేవారం ఆళ్లగడ్డలో రెండు పరుపులు కుట్టాలట, సారే చెప్పాడట.

అప్పుడు చూశాను. సరిగ్గా ఆయన నెత్తి మీద, పైన కమ్మీకి ఎవరిదో సజ్జల మూట సన్నటి పురికొసతో కట్టి ఉంది. బస్సు ఎగిరినప్పుడల్లా ఊగుతోంది. లేచి నిలబడి, ఆ ముడి విప్పి, ఎడమచేత్తో రెండు చుట్లు తిప్పి బిగించాను.

అఫ్రీన్ తల కొట్టుకుంది. ఆయన మాత్రం పైకి చూసి, కళ్లు మూసుకొని నిద్రపోయాడు.