డాట్ త్రీ డబ్బా

భూమయ్య ముప్పై ఏళ్లు ఒక పార్సీ సేఠ్ దగ్గర డ్రైవరుగా పనిచేశాడు. సేఠ్ పోతూ పోతూ తన పాత ఫియట్ కారును ఆయనకే ఇచ్చాడు. పక్షవాతం వచ్చాక భూమయ్య భార్య వజ్రమ్మ కామాటిపురా చాల్లో, ఇరుకు గదుల ఆ పాత భవనం రెండో అంతస్తు గదిలోనే ఉండిపోయింది. దాదర్‌లో తమ పెళ్లి జరిగిన తెలుగు హాలు ఒకసారి చూడాలని ఆమెకు కోరిక. టాక్సీలో రానంది. "మన గాడీల తోల్కపో," అంది.

చాలాకాలంగా కదలని బండి అది. బ్రేక్ ఆయిల్ నల్లబడి బురదలా ఉంది. భూమయ్య ఫోరస్ రోడ్‌లో మెకానిక్ శైలేష్ దగ్గరికి వెళ్లాడు.

శైలేష్ రెండు బ్రేక్ ఆయిల్ డబ్బాలు ముందు పెట్టాడు. "కాకా, ఇది సిలికాన్‌ది. నీళ్లు పట్టది, నిలబడ్డ గాడీకి మంచిదంటరు. గాని పాత ఆయిల్ లైన్ల కొంచెం మిగిలినా బ్రేక్ మెత్తగైతది. ఇది డాట్ త్రీ, మామూలు బ్రేక్ ఆయిల్. నీ గాడీకి మొదటికెల్లి పోసేది ఇదే."

"బ్రేక్ రబ్బర్లకు ఏది మంచిది?"

"డాట్ త్రీనే. గాని నీ రబ్బర్లు మస్తు పాతవి కాకా. నేను గ్యారంటీ ఇయ్య."

భూమయ్య చాలాసేపు ఆలోచించి డాట్ త్రీ తీసుకున్నాడు. పాత ఆయిల్ అంతా తీసేసి కొత్తది పోశారు. పెడల్ గట్టిగా పట్టింది. భూమయ్య ముఖం వెలిగింది.

ఆదివారం పొద్దున పక్కింటివాళ్లు వజ్రమ్మను కుర్చీతో కిందికి దించి కారులో కూర్చోబెట్టారు. ఆమె ఆకుపచ్చ చీర కట్టుకుంది. సందు చివర తోపుడుబండి అడ్డం వచ్చింది. భూమయ్య బ్రేక్ తొక్కాడు. పెడల్ నేలకంటా దిగిపోయింది. చేతి బ్రేక్ లాగేలోపే కారు మూసి ఉన్న దుకాణం షట్టర్‌ను గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"ఇంటికి పోదామయ్యా," అంది వజ్రమ్మ.

శైలేష్ వచ్చి చక్రం విప్పి చూశాడు. లోపలి రబ్బరు కప్పులు చీలిపోయాయి. అవి ఇప్పుడు ఎక్కడా దొరకవన్నాడు.

"సిలికాన్‌ది పోస్తే గాడీ ఆగునేమో?" అడిగాడు భూమయ్య.

"ఏది పోసినా ఇదే అయితుండె కాకా."

గదికి చేరాక, టాక్సీ పిలవనా అని భూమయ్య రెండుసార్లు అడిగాడు. వజ్రమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

తరువాతి వారం తుక్కువాళ్లు వచ్చి కారును గొలుసులతో లాగి లారీ ఎక్కించారు.

"ఏం చప్పుడయ్యా అది?" అడిగింది వజ్రమ్మ.

"కింద రోడ్డు తవ్వుతున్నరు," అన్నాడు భూమయ్య. లేచి కిటికీ తలుపు వేశాడు.