బోణీ పూట వీఆర్ ఆట

హెడ్‌సెట్ కళ్ళకు తగిలించగానే సింధూజకు కంప్యూటర్ల దుకాణం మాయమైంది.

ఎదురుగా రాతి గుహ. తల తిప్పింది. గుహ తిరగలేదు. ఓ క్షణం ఆగి, గతుక్కుమని తిరిగింది. పడబోయినట్టై కుర్చీ పట్టుకుంది.

"ఎట్లుంది చెల్లెమ్మా?" తిమోతి గొంతు. పెద్దారవీడులో పిల్లలకు వీఆర్ ఆటల గది పెడుతున్నాడు. హెడ్‌సెట్ తనే తెచ్చుకుని, కంప్యూటర్ కోసం మార్కాపురం వచ్చాడు.

"బ్రహ్మాండంగా ఉంటుంది తిమోతీ," అన్నాడు సింధూజ తండ్రి పుల్లారావు.

బోణీ మనిషికి ఆ దుకాణంలో 'లేదు', 'కాదు' అనకూడదు. తాత పెట్టిన కట్టుబాటు. కౌంటర్ కుర్చీలో సింధూజకు ఇదే మొదటి రోజు. బోణీ చెడితే కుర్చీ చిన్నాన్నదేనని నాయన ముందే చెప్పాడు. అందుకే, "ఇందులో వీఆర్ ఆడుద్దా?" అని తిమోతి ఓ కంప్యూటర్ చూపించి అడగ్గానే "ఆడుద్దన్నా" అనేసింది.

"అయితే నువ్వే పెట్టుకోని చూపించు," అన్నాడతను.

ఆ కంప్యూటర్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రాసెసర్‌లో కలిసొచ్చిందే ఉంది. బిల్లులకు, సినిమాలకు చాలు. వీఆర్ ఆటకు సెకనుకు డెబ్బై ఎనభై బొమ్మలు గీయాలి, అదీ రెండు కళ్ళకూ. ఇది ఇరవైకే రొప్పుతోంది.

బొమ్మ బిగుసుకుపోయింది. ఎటు చూసినా అదే రాయి. మెడ వెనక చెమట. తీసేద్దామని చెయ్యెత్తింది. నాయన చెయ్యి భుజం మీద పడి, గట్టిగా నొక్కింది.

"బాగుంది గదా తల్లీ?"

"పిల్లోళ్ళు తల తిరిగి పడరు గదా?" తిమోతి అడిగాడు.

గుహలో దారి లేదు.

"పడతారన్నా. ఇది ఆడదు."

భుజం మీది చెయ్యి లేచిపోయింది. సింధూజ హెడ్‌సెట్ తీసేసరికి వెలుగు కళ్ళలో గుచ్చుకుంది. తిమోతి వైరు చుట్టుకుని గుమ్మం వైపు నడిచాడు.

"బోణీ పూట ఎంత మాటన్నావే!" పుల్లారావు పళ్ళు కొరికాడు. "లే. చిన్నాన్నను రమ్మంటా," అంటూ ఫోన్ కలిపాడు.

సింధూజ లేచి, తూలి, టేబుల్ పట్టుకుంది. "ఏ కార్డు వేస్తే ఆడుద్దో నాకు తెలుసు నాయనా."

ఫోన్లో చిన్నాన్న "హలో, హలో" అంటున్నాడు. పుల్లారావు కూతుర్ని చూశాడు, గుమ్మం ముందు మెట్ల మీదున్న తిమోతి వైపు చూశాడు. ఫోన్ కట్ చేశాడు.

"ఏంది అట్ల చూస్తావు? మనిషి చెప్పులు తొడుక్కుంటుండాడు. పిలువు!"