అక్క గదికి వేసిన కప్పు

పొద్దెక్కి పదకొండు దాటిందంటే చాలు, కుట్టు గది కప్పు ఠాప్‌మని పేలేది. ఆ చప్పుడుకు కుట్టు నేర్చుకునే ఆడపిల్లలిద్దరూ కత్తెరలు ఎక్కడివక్కడ పడేసి వాకిట్లోకి ఉరికేవారు. అక్క మిషను ముందు నుంచి లేచేది కాదు గానీ, కుట్టు ఆపి పైకి చూసేది.

పన్నెండేళ్లు వంటింటి మూల బల్బు కింద కుట్టీ కుట్టీ ఆమె కళ్లు మసకబారాయి. అది చూడలేక తమ్ముడు పెరటి వసారా మీది పాత రేకులు తీసేసి, వెలుతురు దిగే ప్లాస్టిక్ షీట్లు వేసి, దాన్ని కుట్టు గది చేశాడు. షీట్లు బిగించడమే అతని వృత్తి. చలికాలం చివర్లో, తెల్లవారకముందే వచ్చి తానొక్కడే బిగించి వెళ్లాడు. ఇప్పుడు ఎండలు ముదిరాయి.

"నీ తమ్ముడు కప్పు వేశాడా, టపాకాయల కొట్టు పెట్టాడా?" అన్నాడు అక్క మొగుడు. వెంటనే నవ్వు మానేసి, "పిల్లల నెత్తిన పడితే వాళ్ల అమ్మలకేం చెబుతావ్? రేపు సాయంత్రం దాకా చూస్తా. తర్వాత పాత రేకులే ఎక్కిస్తా" అన్నాడు.

రేకులెక్కితే మళ్లీ చీకటే. అక్క తమ్ముడికి ఫోన్ చేసింది. "ఎండెక్కేటప్పుడు పేలుతోందిరా, సాయంత్రం చల్లబడేటప్పుడూ పేలుతోంది. మబ్బు పట్టిన రోజు మాత్రం కిమ్మనడం లేదు."

అవతల తమ్ముడు, "పొద్దున్నే వస్తానక్కా" అన్నాడు.

వచ్చాడు. నిచ్చెనెక్కి చూసి, తల వేలాడేసుకుని దిగాడు.

"స్క్రూలు రెట్టింపు వేశానక్కా. పైగా ఒంట్లో బలమంతా పెట్టి తిప్పాను."

"ఎందుకురా?"

"ఎండకి ఈ షీటు సాగుతుంది. పన్నెండడుగుల షీటు మధ్యాహ్నానికి దాదాపు సెంటీమీటరు పెరుగుతుంది. అందుకే ఎవరింటికైనా స్క్రూ కన్నా పెద్ద బెజ్జం వేసి, కాస్త లూజు వదుల్తాను. నీ ఇల్లు కదా, గాలివానకి కదలకూడదని బిగించేశా. దానికేమో సాగడానికి చోటు లేదు. ఉబ్బి ఉబ్బి ఒక్కసారి జారుతోంది. ఆ చప్పుడే అది."

"అంటే ఒంటికి అతుక్కునేలా రవిక కుట్టి, చెయ్యి పైకెత్తమన్నావన్నమాట!"

బావ అందుకున్నాడు. "మరి ఎండకి పచ్చబడి పెళుసెక్కిపోదూ?"

"ఎండకి తట్టుకునే పూత ఒక పక్కనే ఉంటుంది బావా. ఆ పక్క పైకే వేశా. అందులో తప్పు లేదు."

"పోనీలే, ఒక్కటైనా సరిగ్గా చేశావు."

అక్కకి నవ్వు రాలేదు. "పగుళ్లు గానీ వచ్చాయా?"

"స్క్రూలు తీస్తే గానీ తెలీదు. బెజ్జాల చుట్టూ పగిలుంటే షీట్లు పనికిరావు."

అక్క నిచ్చెన పట్టుకుంది. తమ్ముడు ఒక్కో స్క్రూ తీసి, "బాగుంది" అంటుంటే ఒక్కో ఊపిరి పీల్చుకుంది. నాలుగో షీటు దగ్గర అతని మాట ఆగిపోయింది.

"ఏంట్రా?"

"గీతలా ఉంది."

తమ్ముడు వేలు తడి చేసుకుని రుద్దాడు. మళ్లీ రుద్దాడు. "మట్టి చారక్కా! ఎండిపోయిన మట్టి చార!"

"నీ మొహం తగలెయ్య! ముందు రుద్ది, తర్వాత చెప్పకూడదూ?"

ఉంచాల్సిన బెజ్జాలన్నీ పెద్దవి చేశాడు. రబ్బరు బిళ్లలు వేసి, అవి షీటుకి ఆనేంతవరకే స్క్రూలు తిప్పాడు. ఎక్కువైన బెజ్జాలను జిగురుతో మూశాడు. అప్పటికి పదిన్నర.

పదకొండయింది. అందరూ మెడలు వెనక్కి వాల్చి కూర్చున్నారు. ఎక్కడో కిర్రుమని చిన్న చప్పుడైంది. ఆడపిల్లలు లేవబోయారు. అంతే, ఇంకేమీ లేదు. పన్నెండయింది. ఒంటిగంటయింది.

"ఇవాళ ఎండ సరిగ్గా కాయడం లేదేమో" అన్నాడు బావ.

"చెప్పులు విప్పి పెరట్లో నాలుగడుగులెయ్యి బావా, తెలుస్తుంది."

బావ వెళ్లాడు. ఎగురుకుంటూ తిరిగొచ్చాడు. అరికాళ్లు రుద్దుకుంటూ, "ఉండనీ. కప్పు ఉండనీ" అన్నాడు.

అక్క నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేకపోయింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ తమ్ముడి వైపు తిరిగేసరికి, రాత్రంతా కంటి మీద కునుకు లేనివాడు గుడ్డల మూట మీద తల పెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పక్కనే ఆడపిల్లల మిషన్లు రెండూ మళ్లీ గడగడలాడుతున్నా అతను కదల్లేదు.