పిట్టల కప్పులు

కొవ్వును సన్నటి సెగ మీద కరిగించాలి. మంట పెంచితే మాడు వాసన ఇల్లంతా పట్టుకుంటుంది. మాంసం కొట్టతను పారేయబోయే కొవ్వు నాకోసం పొట్లం కట్టి ఉంచేవాడు. దాన్ని కరిగించి వడగట్టి, కొర్రలు, పొద్దుతిరుగుడు గింజలు, కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగపప్పు కలిపేదాన్ని. ఉప్పు తగలనిచ్చేదాన్ని కాదు. పిడులు విరిగిన కప్పుల్లో పోసి, మధ్యలో పురికొస నిలబెట్టి, గట్టిపడ్డాక పెరట్లో చెట్టు కొమ్మకు వేలాడదీసేదాన్ని. మంచు కురిసే రోజుల్లో పిట్టలకు పురుగూ పుట్రా దొరకవు, తెల్లారేసరికి వాటి ఒంట్లో వేడి మిగలదు. ఈ సంగతి నాకు చెప్పింది మా అత్తయ్యే.

రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఆవిడకు కుడిపక్క పడిపోయింది. అప్పటికి నేను కళ్లజోళ్ల కొట్లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించడం నా పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా వేసుకున్నవాళ్లకు తలనొప్పి వస్తుంది. నా చేతి మీదుగా వెళ్లిన జత ఒక్కటి కూడా తిరిగి రాలేదు. "పరాయి మనిషి చేతుల్లో అమ్మనెలా పెడతాం? నువ్వు ఒంటిపూటకు మార్చుకో" అన్నాడు మా ఆయన. మార్చుకున్నాను. ఆవిడకు ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, చెంచాతో జావ పట్టడం, అన్నీ అయ్యాక పరుగున కొట్టుకు వెళ్లడం. ఆలస్యమైన రోజు తోటి పనివాళ్లు గడియారం వైపు చూసి నవ్వుకునేవాళ్లు.

మొదట్లో అత్తయ్య గోడవైపు తిరిగి పడుకునేది. నోరు తెరిచేది కాదు. ఒకరోజు విసిగిపోయి, మంచాన్ని కిటికీ దగ్గరకు ఈడ్చాను. బయట మంచులో పిచ్చుకలు ముడుచుకుని కూర్చున్నాయి. చాలాసేపు చూసి, "వాటికేమన్నా పెట్టకూడదటే" అంది. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ చేసేదట. ఆవిడ చెబుతుంటే నేను చేశాను. ఆ తర్వాత గిన్నె మంచం దగ్గరకే తెచ్చేదాన్ని. ఆవిడ ఎడమచేత్తో గుప్పెడు గుప్పెడు గింజలు వేసి కలిపేది. గోళ్ల సందుల్లో గడ్డకట్టిన కొవ్వును వేణ్ణీళ్లతో కడిగేదాన్ని. పిట్టలకు పేర్లు కూడా ఆవిడే పెట్టింది. ఒక గోరింక ఎప్పుడో గాని వచ్చేది కాదు, వస్తే మాత్రం మిగతావాటిని తరిమి అంతా తనే తినిపోయేది. దాని పేరు ఆడపడుచు. సొంత కూతురి మీద ఆ వేళాకోళానికి ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఇంకోరోజు నా మణికట్టు పట్టుకుని, "నువ్వు పక్కనుంటే నాకు సగం ఒళ్లు లేదన్న సంగతే గుర్తుండదే అమ్మాయ్" అంది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆ ఇంట్లో నాకు దక్కిన మంచిమాట అది. ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను.

ఈ చలికాలం మా ఆడపడుచు నాలుగు రోజులు ఉందామని వచ్చింది. రెండో రోజు మధ్యాహ్నం కొట్టు నుంచి వచ్చి, పెరటి గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే గదిలోంచి దాని గొంతు వినిపించింది.

"ఇల్లంతా ఏమిటమ్మా ఈ కొవ్వు కంపు?"

"ఏం చెప్పనే. వద్దన్నా వినదు. పొద్దున లేస్తే ఆ పిట్టల సేవే. నా జావ చల్లారిపోతున్నా పట్టదు. మంచాన పడ్డదాన్ని, ఎవరితో చెప్పుకోను?"

అది అత్తయ్య గొంతే. తలుపు సందులోంచి చూశాను. పొద్దున నాతో గింజలు కలిపిన ఎడమచెయ్యి కూతురి చేతిలో ఉంది. ఇంకెవరన్నా అని ఉంటే పోట్లాడేదాన్ని. మా ఆయన అంటే అలవాటే, విని వదిలేసేదాన్ని. అత్తయ్య అనేసరికి, నిజంగానే ఎప్పుడన్నా జావ చల్లారనిచ్చానా అని వెతుక్కున్నాను. చేయని తప్పు కోసం నాలో నేనే వెతుక్కుంటున్నానని తెలిశాక సిగ్గేసింది.

భోజనాల దగ్గర ఆడపడుచు వాళ్లన్నయ్యతో అంది, "వదినకి పిట్టలకి వండేంత తీరిక ఉన్నప్పుడు ఆ ఒంటిపూట కొలువు మాత్రం ఎందుకన్నయ్యా? మానేస్తే అమ్మ దగ్గరే ఉంటుందిగా."

"నేనూ అదే అనుకుంటున్నా. ఈ నెలాఖరుకి మానేస్తానని చెప్పెయ్" అన్నాడు మా ఆయన, కూర వడ్డించమని కంచం జరుపుతూ.

నేను లేచి అత్తయ్య గదిలోకి వెళ్లాను. వాళ్లూ వెనకే వచ్చారు.

"అత్తయ్యా, పిట్టలకి పెట్టమన్నదెవరో మీరే చెప్పండి."

ఆవిడ కూతురి వైపు చూసింది. తర్వాత దుప్పటి అంచు చూసుకుంది. "ఏమోనే. నాకేం గుర్తుంటాయి?"

మర్నాడు మా ఆయన కప్పులన్నీ తెంపి చెత్తబుట్టలో వేశాడు. నేను ఆపలేదు.

ఆడపడుచు వెళ్లిపోయిన పొద్దున, వీపు తుడుస్తుంటే అత్తయ్య ఏడ్చింది.

"మనసులో పెట్టుకోకే. నేనిక్కడ సుఖంగా ఉన్నానని తెలిస్తే అదింక రాదేమోనని భయం. జాలిపడితేనన్నా వస్తుంది కదా."

"మరి నేనో, అత్తయ్యా?"

"నువ్వెక్కడికి పోతావే పిచ్చిదానా. నువ్వెలాగూ ఉంటావుగా" అంది, ఎంతో ప్రేమగా.

నిజంగా ప్రేమగానే అంది. అందుకే ఆ మాట అంత లోపలికి దిగింది. పోతుందనుకున్న మనిషికోసం భయపడతారు, బతిమాలతారు, అబద్ధాలు కూడా ఆడతారు. ఉంటుందనుకున్న మనిషిని దేనికైనా వాడుకోవచ్చు. ఆవిడ వీపు పొడిగా తుడిచి, జాకెట్టు తొడిగి, బొత్తాలు పెట్టాను. జావ వేడిగా ఉండగానే తాగించాను. తర్వాత కొట్టుకు వెళ్లాను.

యజమానురాలు అద్దాలు అరగదీసే కొత్త యంత్రం మీద పనికి పూర్తిరోజు రమ్మని మూడు నెలలుగా అడుగుతోంది. "వస్తాను" అన్నాను. ఇంట్లో కనుక్కోనక్కర్లేదా అని ఆవిడ అడిగింది. అక్కర్లేదన్నాను.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "సోమవారం నుంచి పొద్దున ఎనిమిదికి వెళితే రాత్రి భోజనాల వేళకి వస్తాను."

ఆయన కోపం తెచ్చుకుందామనుకున్నాడు గాని అంతకన్నా ముందు కంగారే వచ్చింది.

"మరి అమ్మనెవరు చూస్తారు?"

రెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరికీ అడగాల్సిన అవసరం రాని ప్రశ్న అది. జవాబు వెతకడం ఇక నా పని కాదు.