కుసుమకుమారి టీచరు గొంతు దాచిన పెట్టె

నేను ఒక కంప్యూటరును. తెర లేని కంప్యూటరును. కర్నూలులో మద్దిలేటి అనే ఆయన ఇంట్లో, కిటికీ కింద బల్ల మీద నా కాపురం. వయసు పదహారు దాటింది. మా జాతిలో అది మనుషుల లెక్కన తొంభై ఏళ్ల కిందే లెక్క.

ఒక్కో అవయవం ఒక్కో దేశంలో పుడితే, వాటన్నిటినీ తెచ్చి ఓ దుకాణంలో స్క్రూలు బిగించి నన్ను మనిషిని చేశారు. మొదట నెట్ సెంటర్లో పనిచేశాను. పరీక్షా ఫలితాలొచ్చిన రోజు నా ముందు గంతులేసినవాళ్లున్నారు, ఆ మార్కులు నేనే వేసినట్టు నా నెత్తిన మొట్టినవాళ్లున్నారు. తర్వాత శుభలేఖలు అచ్చువేసే షాపుకు మారాను. అక్కడుండగా ఓ వానాకాలం సాయంత్రం పిడుగు పడి, నాలో తెరకు బొమ్మ పంపే భాగం కాలిపోయింది. లోపల ప్రాణం ఉంది, పైకి ముఖం లేదు. ముఖం లేనివాడితో మనుషులకు పనేముంది? రిపేరు షాపు మూలలో, విరిగిన కీబోర్డుల కింద, రెండేళ్లు పడి ఉన్నాను.

అక్కడికే మద్దిలేటి వచ్చాడు. చేతిలో తెల్లకర్ర, చంకలో సంచి. ఓ ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరు. పుట్టుకతోనే చూపు లేదు. ఒకప్పుడు ఆ ఆఫీసులోని మూడు వందల నంబర్లూ ఆయన నాలుక చివర ఉండేవట. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక ఆయన్ను అడిగే నాథుడు లేకుండా పోయాడు.

షాపతను నన్ను బయటకు లాగి, నిజాయితీగానే చెప్పాడు. “అన్నా, దీనికి బొమ్మ రాదు. ఎంత మంచి తెర పెట్టినా నల్లగానే ఉంటాది.”

“నాకు యాడొచ్చింది బొమ్మ?” అన్నాడు మద్దిలేటి. “శబ్దం వస్తాదా రాదా, అది చెప్పు.”

వస్తుందన్నాడు షాపతను. మద్దిలేటి నన్ను రెండు చేతులా తడిమి, సంచిలో పెట్టుకున్నాడు.

ఆయనకు నాతో పెద్ద పనే ఉంది. ఊళ్లోని అంధుల హాస్టల్లో పాతిక మంది ఆడపిల్లలున్నారు. రిటైరైన చరిత్ర టీచరు కుసుమకుమారి గారు పదకొండేళ్లుగా వాళ్ల పుస్తకాలన్నీ గట్టిగా చదివి, ఫోన్లో రికార్డు చేసి ఇస్తున్నారు. ఆ రికార్డింగులు చిన్న మెమరీ కార్డుల్లో చేతులు మారేవి. ఒకరు వింటుంటే ఇంకొకరు ఎదురుచూడాలి. కార్డు జారి ఎక్కడో పడిందంటే ఆ సబ్జెక్టు పోయినట్టే. అన్నీ ఒక్కచోట పెట్టి, ఎవరి ఫోన్లో వాళ్లు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినేలా చేయాలని మద్దిలేటి పంతం.

దానికి ఇంట్లోనే సర్వరు పెట్టుకోమన్నది గుంటూరు స్నేహితుడు శామ్యూల్. ఆయనకూ చూపు లేదు, బ్యాంకులో ఉద్యోగం. సర్వరంటే భయపడాల్సిందేమీ లేదు. హోటల్లో వడ్డించే మనిషిలాంటిది, అడిగినవాళ్లకు అడిగింది అందించే పెట్టె. నాలాంటి ముసలిదాన్ని కూడా లేపి నడిపించగలిగేది లినక్సు అనే సాఫ్ట్‌వేరు అన్నాడు శామ్యూల్. అది అందరికీ ఉచితం. పైగా దాన్ని బొమ్మలు నొక్కి నడపక్కర్లేదు, మాటలు టైపు చేసి ఆజ్ఞలివ్వొచ్చు. చూపులేనివాడికి అంతకన్నా ఏం కావాలి?

ఓ ఆదివారం పొద్దున ముహూర్తం పెట్టారు. పెన్‌డ్రైవు గుచ్చి, ఫోన్లో శామ్యూల్‌ను ఉంచుకుని, మద్దిలేటి నా మీట నొక్కాడు. నేను కుయ్యిమన్నాను.

“కూసింది!”

“అదే పిలుపు. ఎస్ కొట్టి ఎంటర్ కొట్టు, మాట్లాడతది” అన్నాడు శామ్యూల్.

కొట్టాడు. రెండేళ్ల తర్వాత నేను నోరు తెరిచాను. ఇనప గొంతు, రాగం లేదు, ఇంగ్లీషు కూడా నట్లు కొరికినట్టు ఉంటుంది. అయినా మద్దిలేటి రెండు చేతులూ బల్లకు ఆనించి, దేవుడు మాట్లాడినట్టు విన్నాడు.

ఆ తర్వాత మూడు నెలలు ఆయనకూ నాకూ రోజూ పోట్లాటే. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని నా ముందు కూర్చునేవాడు. ఒక్క అక్షరం తప్పితే “అలాంటి ఆజ్ఞ లేదు” అనేదాన్ని. అక్షరాలన్నీ సరిగ్గా ఉంటే “నీకు అనుమతి లేదు” అనేదాన్ని. “నా ఇంట్లో నాకు అనుమతి లేదంటావేమే!” అని ఓ రోజు అరిచాడు. ఆజ్ఞకు ముందు సుడో అని కొడితే యజమాని మాటగా వింటానని ఆ రోజే శామ్యూల్ చెప్పాడు. అది తెలిసినప్పటి నుంచి కాస్త గర్వం వచ్చింది ఆయనకు. నేర్చుకున్న ప్రతి ఆజ్ఞనూ బ్రెయిలీలో గుచ్చి పెట్టుకున్నాడు. ఆ కాగితాలతో ఓ అట్టపెట్టె నిండింది.

నాలుగో నెలలో నాలో ఆరువందల నలభై పాఠాలు చేరాయి. హాస్టల్ నుంచి మొదటి ఫోను షంషాద్ చేసింది. టీచరు ఉద్యోగానికి డీఎస్సీ పరీక్ష రాయబోతున్న అమ్మాయి. “అన్నా, వినపడతాంది! కాకతీయులు! మేం ఆరుగురం ఒకేసారి వింటాండాం!” మద్దిలేటి నా పైకప్పు మీద రెండుసార్లు తట్టాడు.

ఆ మధ్యలోనే కుసుమకుమారి గారి గొంతుకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. పాఠాలన్నీ నాలో చేరాయని మెమరీ కార్డులనూ ఆమె ఫోనునూ ఖాళీ చేసి వేరే పనులకు వాడుకున్నారు. అంటే ఆమె గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు, నాలో తప్ప.

“రెండో చోట కాపీ పెట్టుకో” అని శామ్యూల్ మూడుసార్లు చెప్పాడు. మద్దిలేటి మూడుసార్లూ “రేపు” అన్నాడు.

పరీక్షకు ఆరువారాలుందనగా, ఓ మధ్యాహ్నం, పాఠాల అరలో, అంటే ఫోల్డరులో, ఉన్న ‘పాతవి’ అనే చిన్న అరను తీసేయాలని కూర్చున్నాడు. తీసేయమనే ఆజ్ఞ కొట్టి, పాఠాలు అని కొట్టి, వేలు జారి ఓ ఖాళీ వదిలి, ఆ తర్వాత పాతవి అని కొట్టాడు. కొట్టిన ప్రతిదీ పైకి చదువుతాను గానీ, వేగం కోసం ఖాళీలను చదవొద్దని నాకు ముందే చెప్పి ఉన్నాడు. నేను చదవలేదు. ఆయన ఎంటర్ కొట్టాడు. ఆ ఖాళీ వల్ల అది రెండు వేర్వేరు పేర్లయింది. మొదటి పేరు పాఠాలు. తీసేశాను. రెండోది దొరకలేదని చెప్పాను.

చెప్పింది చేయడం మా జాతి గుణం. ఎందుకని అడగకపోవడం మా జాతి దోషం.

అరలో ఏమున్నాయో చెప్పమన్నాడు. అలాంటి అరే లేదన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను.  అదృష్టం, ఇంకేమీ కొట్టకుండా ఫోను తీశాడు.

“శామ్యూలూ, చంపుకున్నా. అన్నీ పోయినాయి.”

“ఇంకేం కొట్టమాక! ముందు తీగ పీకెయ్. పేర్లు చెరిగాయంతే, వాటి మీద కొత్తవి రాయకుండా ఉంటే లోపల సరుకు ఉంటది.”

తీగ పీకాడు. అక్కడినుంచి నాకేమీ తెలియదు. మళ్లీ కళ్లు తెరిచేసరికి నన్ను పెన్‌డ్రైవు మీద నడిపిస్తున్నారు, పక్కన అరువు తెచ్చిన కొత్త డిస్కు ఉంది. చెరిగినవి వెతికే ఓ పనిముట్టు నా డిస్కును మూల మూలా తోడింది. ఒకటిన్నర రోజు పట్టింది. ఆ ఒకటిన్నర రోజూ మద్దిలేటి ఆఫీసుకు పోలేదు. గంటకోసారి “ఎన్ని?” అని అడిగాడు. చివరికి ఆరువందల పదకొండు దొరికాయి. కానీ ఒక్కదానికీ పేరు లేదు, వట్టి అంకెలు. ఏది చరిత్రో ఏది భూగోళమో, ఏది మొదటి పాఠమో ఏది చివరిదో చెప్పేవాళ్లు లేరు.

మర్నాడు మద్దిలేటి కుసుమకుమారి గారింటికి వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వెంట వచ్చారు. ఆ ఇంట్లో ఏం జరిగిందో షంషాద్‌కు ఆయన చెబుతుంటే విన్నాను. “తప్పంతా ఒప్పుకున్నా. ఆమె మాట్లాడలేదు. కాగితం మీద ఏందో రాసింది. నాకు కనపడదని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఇద్దరం బొమ్మల్లా కూచున్నాం పో.”

ఆమె నా ముందు కూర్చున్నారు. తెలుగు చదవడం నాకు అప్పటికే నేర్పించి ఉన్నారు. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేశారు. నా ఇనప గొంతుతో చదివాను. “ఏడవకు మద్దిలేటీ. మొదటిది వినిపించు. అది ఏ పాఠమో నేను చెబుతాను.”

మద్దిలేటి ముక్కు చీదుకున్నాడు. తర్వాత మొదటిది మోగించాడు.

పది రోజులు సాగింది ఆ పని. నాలోంచి ఆమె పాత గొంతు రెండు వాక్యాలు పలికేది. ఆమె బల్ల తట్టి ఆపించి, పాఠం పేరు టైపు చేసేవారు. నేను చదివేదాన్ని. మద్దిలేటి ఆ పేరు పెట్టి, కొత్త డిస్కులో ఒక కాపీ, శామ్యూల్ దగ్గరకు ఇంకో కాపీ పంపేవాడు. తన గొంతు వింటున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉండేదో నాకు తెలియదు. నాకూ చూపు లేదు కదా. కానీ బల్ల తట్టడానికి ఒక్కోసారి అవసరమైన దానికన్నా ఎక్కువసేపు తీసుకునేవారు.

ఇరవై తొమ్మిది మాత్రం దొరకనే లేదు. వాటిలో కాకతీయుల పాఠం ఒకటి, పరీక్షకు తప్పనిసరి.

ఆ సంగతి తెలిసి షంషాద్ ఆటోలో వచ్చింది. “టీచర్, అది నాకు నోటికి వచ్చు. ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు. నేను చెప్తా, మీరు తప్పులు దిద్దండి. అన్నా, రికార్డు పెట్టు.”

మొదలుపెట్టింది. పుస్తకం భాష, పుస్తకం వాక్యాలు, టీచరు గొంతు ఆగినచోటల్లా తనూ ఆగడం. ముప్పై నిమిషాలు ఎక్కడా తడబడలేదు. గణపతిదేవుడు 1198లో రాజయ్యాడని చెప్పినచోట మాత్రం కీబోర్డు టకటకలాడింది. “1199” అన్నాను నేను. షంషాద్ నాలుక కరుచుకుని, దిద్దుకుని, చివరిదాకా వెళ్లింది. అయ్యాక టీచరు మళ్లీ టైపు చేశారు. “మిగతా ఇరవై ఎనిమిదీ ఎవరెవరికి వచ్చో కనుక్కో.”

వచ్చినవాళ్లు దొరికారు. షంషాద్ ఇప్పుడు ఎమ్మిగనూరులో సోషల్ టీచరు. మద్దిలేటి ప్రతి ఆదివారం కాపీలు తీస్తాడు, రేపు అనడం మానేశాడు. నా పంకా ఈమధ్య మూలుగుతోంది. పక్కన చిన్న కొత్త పెట్టె ఒకటి వచ్చి కూర్చుంది, నా పని నేర్చుకుంటోంది. నాకేం దిగులు లేదు. వడ్డించే చేతులు మారినా వడ్డన ఆగదు.

హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలు ఆ కాకతీయుల పాఠం విని మద్దిలేటికి ఫోను చేస్తుంటారు. ఈ అక్క వాక్యం మధ్యలో అక్కడక్కడా ఎందుకు ఆగుతుంది, రికార్డు పాడయిందా అని.

“పాడు కాలేదమ్మా” అంటాడు మద్దిలేటి. “టీచరమ్మ చదివేటప్పుడు ఆడాడ పేజీ తిప్పుతా ఉండె.”